జర్మనీ మాస్టర్స్: నా 7.2 అక్కడ 2.4 అవుతుందా, 2.68 అవుతుందా?

గోదావరి గట్టు:
మధ్యాహ్నం నుంచి ఈ లెక్క ముందే కూర్చున్నాను, తెమలడం లేదు. జర్మనీలో మాస్టర్స్‌కు నచ్చిన కోర్సులన్నీ ఒక పట్టికలో రాసుకుంటున్నాను. ఒక్కో పేజీలో ఒక్కో నిబంధన. రెండు చోట్ల 2.5 లేదా అంతకంటే మెరుగైన గ్రేడు ఉండాలన్నారు (అక్కడ 1 అన్నిటికంటే మంచి గ్రేడు, అంకె తగ్గేకొద్దీ మెరుగు). నాకు 10కి 7.2 సగటు ఉంది. కన్సల్టెన్సీ వారు అది 2.4 అన్నారు. నా స్నేహితుడు 2.68 అంటున్నాడు. ఇద్దరూ వాడింది మన పాయింట్లను జర్మన్ గ్రేడుగా మార్చే బవేరియన్ సూత్రమే! ఆ రెండింటికీ దరఖాస్తు చేయాలా, వదిలేయాలా? తెలిసినవారు దయచేసి చెప్పండి.

లెక్కల మాస్టారు:
ఏ విశ్వవిద్యాలయం? ఏ రెగ్యులేషన్, అంటే ఏ ఏడాది సిలబస్, గ్రేడు నియమాలు? ఏ బ్రాంచి?

గోదావరి గట్టు:
బీటెక్ అండీ.

లెక్కల మాస్టారు:
నేను అడిగింది అది కాదు.

స్టుట్‌గార్ట్ వాసి:
లెక్క సంగతి తర్వాత. ముందు మీ పట్టికలో ఖర్చుకు ఒక గడి పెట్టండి. జర్మనీలో చదువు ఉచితమని నమ్మి వచ్చి, ఇక్కడ దిగాక ఇంటికి ఫోను చేసి డబ్బు అడిగే పిల్లలను చూస్తున్నాను. బాడెన్-వుర్టెంబెర్గ్ రాష్ట్రంలో 2017 శీతాకాల సెమిస్టర్ నుంచి మన దేశం వారికి సెమిస్టర్‌కు 1,500 యూరోల ట్యూషన్ ఫీజు ఉంది. మ్యూనిక్ సాంకేతిక విశ్వవిద్యాలయం 2024 శీతాకాలం నుంచి మాస్టర్స్‌కు సెమిస్టర్‌కు 4,000 లేదా 6,000 యూరోలు తీసుకుంటోంది. వీసాకు బ్లాక్డ్ అకౌంటులో (నెలకు ఇంత అని మాత్రమే తీసుకోగల ఖాతా) ఏడాదికి 11,904 యూరోలు చూపాలి. ఇవన్నీ ఇంట్లో కూర్చుని మాట్లాడుకున్న తర్వాతే గ్రేడు లెక్క.

పెన్నా తీరం:
తక్కిన రాష్ట్రాల్లో చాలా ప్రభుత్వ విశ్వవిద్యాలయాలకు ట్యూషన్ ఫీజు లేదు కదా. దాన్నే ఉచితం అంటారు. పిల్లలను భయపెట్టకండి.

స్టుట్‌గార్ట్ వాసి:
ట్యూషన్ ఫీజు లేనంత మాత్రాన ఉచితం కాదు. సెమిస్టర్ రుసుము కట్టాలి, ఆరోగ్య బీమా కట్టాలి, అద్దె కట్టాలి. ఆ మాట వాడినంత కాలం తల్లిదండ్రులు తప్పుడు లెక్క వేసుకుంటూనే ఉంటారు.

పెన్నా తీరం:
అద్దె హైదరాబాదులో చదివినా కట్టాల్సిందే. దాన్ని చదువు ఖర్చులో కలపడం ఏ పద్ధతి?

గోదావరి గట్టు:
అన్నా, నేను అడిగింది ఫీజుల గురించి కాదు. జేఎన్‌టీయూ హైదరాబాద్ అనుబంధ కాలేజీ, మెకానికల్, 2019లో చేరాను, ఆర్18 రెగ్యులేషన్. సూత్రం ఒకటే అయినప్పుడు జవాబులు రెండెందుకు వస్తున్నాయి?

లెక్కల మాస్టారు:
ఇది మొదటే చెప్పాల్సింది. 10 లోంచి మీ 7.2 తీసివేస్తే 2.8. 10 లోంచి కనీస ఉత్తీర్ణత పాయింటు తీసివేసి, వచ్చిన దానితో ఆ 2.8ని భాగించాలి. 3తో గుణించి 1 కలపాలి. కనీసం 4 అనుకుంటే 2.4, 5 అనుకుంటే 2.68. మీ తేడా అంతా అక్కడే.

ఆర్18లో 40 శాతానికి సి గ్రేడు, దాని విలువ 5 పాయింట్లు. దాని కింద ఎఫ్, సున్నా. 4 అనే మెట్టే లేదు. 40 శాతం కదా అని 4 వేసుకున్నట్టున్నారు. 2.5 రావాలంటే మీకు 7.5 ఉండాలి. చాలాచోట్ల ఒక్క దశాంశ స్థానమే చూస్తారు, తర్వాతి అంకె వదిలేస్తారు, అలా చూసినా మీది 2.6.

గోదావరి గట్టు:
అయితే ఆ రెండూ వదిలేయాల్సిందేనా? వాటి కోసమే ఇంతసేపు కూర్చున్నాను.

లెక్కల మాస్టారు:
2.5 ఖచ్చితమైన గీత అని రాసి ఉంటే వదిలేయండి. గ్రేడుతో పాటు ఇతర అంశాలకూ పాయింట్లు ఇస్తామని ఉంటే ఆలోచించవచ్చు. పేజీలో సారాంశం కాకుండా ప్రవేశ నియమావళి పత్రం తెరిచి చదవండి.

ఆఖెన్ అక్క:
తమ్ముడూ, గ్రేడు ఒక్కటే చూడకు. గణితం, థర్మోడైనమిక్స్, మెటీరియల్స్‌లో ఇన్ని ఈసీటీఎస్ (ఐరోపా క్రెడిట్లు) ఉండాలని చాలా కోర్సుల్లో విడిగా అడుగుతారు. 9 పాయింట్లు ఉన్నవారిని కూడా అక్కడ తిరస్కరిస్తారు. నాలుగేళ్లకు 240 ఈసీటీఎస్, నీ 160 క్రెడిట్లకు పంచితే ఒక్కోటి 1.5. ఆ లెక్కతో ఒక్కో సబ్జెక్టుకు ఎంత వస్తుందో నీ పట్టికలో వేసుకో. సిలబస్ పత్రాలు కూడా ఇప్పుడే సిద్ధం చేసుకో.

పెన్నా తీరం:
క్రెడిట్‌కు 1.5 అనేది అన్ని చోట్లా చెల్లదు. ఈసీటీఎస్ అంటే 25 నుంచి 30 గంటల చదువు. కొందరు గంటల లెక్కే అడుగుతారు.

ఆఖెన్ అక్క:
అడిగితే గంటలు చూపాలి. అడగని చోట ఇదే వాడుక.

స్టుట్‌గార్ట్ వాసి:
ఏపీఎస్ సర్టిఫికెట్ (మన చదువు పత్రాలు అసలువేనని ధ్రువీకరించేది) తీసుకున్నారా? 2022 నవంబరు 1 నుంచి భారతీయ విద్యార్థులకు వీసాకు తప్పనిసరి. రుసుము 18,000 రూపాయలు. చాలా విశ్వవిద్యాలయాలు దరఖాస్తుతోనే అడుగుతున్నాయి. విశ్వవిద్యాలయాల తరఫున దరఖాస్తులు పరిశీలించే యూని-అసిస్ట్‌కు మొదటి కోర్సుకు 75 యూరోలు, అదే సెమిస్టర్‌లో తర్వాతి ప్రతి కోర్సుకు 30. అర్హత లేని కోర్సుకు పంపితే ఆ డబ్బు తిరిగి రాదు.

గోదావరి గట్టు:
ఏపీఎస్ ఇంకా లేదు. సరే, కనీస పాయింటు 5 అని పరీక్షల విభాగం నుంచి రాయించుకుంటాను. ఆ రెండూ తీసేశాను. ధన్యవాదాలు.

కొత్త సభ్యురాలు:
మాది స్వయంప్రతిపత్తి కాలేజీ, గ్రేడు పట్టిక వేరు. కనీస పాయింటు కాలేజీది చూపాలా, విశ్వవిద్యాలయానిదా?