‘వివరింపదగున్’ అంటే ‘వివరణ కోరగా’ కాదు

‘ఎదుటోళ్ల వివరణ కూడ వేస్తే వార్త సరిపోదా, వివరింపదగున్ అంటే అదే గదా?’ అని మిర్యాలగూడ అన్న అడిగిన దానికి నా జవాబు ఇది. సుమతీ శతకంల

వినదగు నెవ్వరు చెప్పిన
వినినంతనె వేగపడక వివరింపదగున్

అన్నకాడ ‘వివరించుడు’ ఎదుటోళ్లకు విడమర్చి చెప్పుడు కాదు. విన్నదాంట్ల కల్ల ఎంత, నిజమెంత అని విచారించుడు. ‘తగు’ రెండు పాదాలల్లనూ ఉంది: వినుడెంత అవసరమో, విచారించుడూ అంతే.

మేం విలేకరులం మొదటి పాదం కాడనే ఆగిపోతం. నల్లాకు అయస్కాంతం బిగిస్తే ఫ్లోరైడ్ పోతదని ఎవరన్న ప్రెస్‌మీట్ పెట్టిండనుకోన్రి. తెల్లారి జిల్లా పేజీల ‘ఫ్లోరైడ్‌కు చెక్!’. కింద ‘అని ఆయన వెల్లడించారు’. ఆఖర్న ఎప్పటి వాక్యమే: ‘ఈ విషయమై సంబంధిత అధికారిని వివరణ కోరగా, తన దృష్టికి రాలేదన్నారు’. ఇద్దరి మాటా వేసినం, తటస్థంగ ఉన్నం అంటది వార్తలు దిద్దే డెస్క్. (‘వెల్లడించారు’ అన్నప్పుడే సగం ఒప్పుకున్నట్టు. ‘అన్నారు’ అంటే సరిపోదా?)

ఫ్లోరైడ్ నీళ్లల్ల కరిగి ఉంటది, అయస్కాంతానికి అంటుకునేది కాదు. కాగబెట్టినా పోదు; నీళ్లు ఆవిరైన కొద్దీ ఇంకింత చిక్కనైతది. 1970లల్ల నీరి (జాతీయ పర్యావరణ ఇంజనీరింగ్ పరిశోధన సంస్థ) తయారుచేసి మన జిల్లా పేరే పెట్టిన ‘నల్గొండ టెక్నిక్’ల పటిక, సున్నం, బ్లీచింగ్ పౌడర్ కలిపి, తేరినంక పైనీళ్లు వంచుకుంటరు. లీటరుకు 1.5 మిల్లీగ్రాములు దాటొద్దని లెక్క కూడ ఉన్నది. అయస్కాంతం బిగించకముందు ఒక సీసా, బిగించినంక ఒక సీసా ల్యాబ్‌కు పంపితే తేలిపోతది. ‘పరీక్ష రిపోర్టు అడిగితే చూపలేదు’ అని ఒక్క ముక్క రాస్తే పక్షపాతమెట్లయితది? మర్రిగూడ దిక్కు ఫ్లోరైడ్ నీళ్లతోని కాళ్లు వంకర్లు పోయిన పిల్లలున్న ఇండ్లల్ల ఆ హెడ్డింగు చూసి అప్పు తెచ్చైనా కొంటరు.

‘కళ్లార చూసి రాస్తే చాలు గదా, పద్యం మూడో పాదం ‘కనికల్ల నిజము దెలిసిన’ల కని అనే ఉంది’ అన్నరొకరు. బడిల ‘కనికల్ల’ అని ఒక్క ఊపుల బట్టీ పట్టినం గని, అది కని, కల్ల, నిజము: చూసినంక అబద్ధమేదో నిజమేదో తేల్చుకొమ్మని. చూసుడే చాలంటే, 1996ల తమిళనాడు రామర్ పిళ్లై మూలికల పెట్రోలును శాస్త్రవేత్తల ముందటనే చేసి చూపిండు. చూసినోళ్లూ మస్తుమంది, రాసినోళ్లూ మస్తుమంది. 2016ల చెన్నై కోర్టు అది మోసమని మూడేండ్ల జైలుశిక్ష వేసింది.