డిష్‌వాషర్‌లో స్టీలు గిన్నెల మీద తెల్ల పొర, అడుగున నిలిచిపోతున్న నీళ్లు

స్టీలుగిన్నె:

అందరికీ నమస్తే. మియాపూర్ వైపు అపార్ట్‌మెంట్, బోరు నీళ్లు, ఎండాకాలంలో ట్యాంకర్ నీళ్లు కూడా కలుస్తాయి. డిష్‌వాషర్ కొని రెండేళ్లయింది, రోజుకోసారి వేస్తాం. ఇప్పుడు రెండు ఇబ్బందులు.

ఒకటి, స్టీలు గ్లాసులు, కంచాలు ఆరాక వాటి మీద తెల్లగా, సున్నం పూసినట్టు పొర కనిపిస్తోంది. గోటితో గీస్తే గీత పడుతుంది. గాజు గ్లాసులైతే మసకబారిపోయాయి. ట్యాబ్లెట్ మార్చి చూశాం, తేడా లేదు. ఆ ట్యాబ్లెట్‌లోనే ఉప్పు, నీటి బొట్లు నిలవకుండా చేసే రిన్స్ ఎయిడ్ ఉన్నాయని పెట్టె మీద రాసి ఉంది కాబట్టి విడిగా ఉప్పు పోయడం మానేశాం. మొదట్లో పోసిన ఉప్పు కూడా నెలల తరబడి అలాగే ఉండేది.

రెండోది పది రోజులుగా. ప్రోగ్రామ్ అయిపోయాక కూడా ఫిల్టర్ దగ్గర రెండంగుళాల నీళ్లు నిలుస్తున్నాయి. పొద్దున తలుపు తీస్తే వాసన. ఫిల్టర్ ప్రతి ఆదివారం కడుగుతూనే ఉన్నాం.

టెక్నీషియన్‌ని పిలిచేముందు మేం చూసుకోగలిగినవి ఏమిటి?

బోరుబావి:

తెల్ల పొర సంగతి ముందు చెప్తానండి, అసలు కథ అక్కడే ఉంది. ట్యాబ్లెట్లు మార్చడం ఆపేయండి. ముందు ఆ పొర ఏమిటో తేల్చుకోవాలి.

ఒక గ్లాసు మీద రెండు చుక్కల నిమ్మరసం వేసి ఐదు నిమిషాలు ఆగి తుడవండి. వేసిన చోట మెరుపు వచ్చి చుట్టూ తెల్లగా ఉండిపోతే అది సున్నం, అంటే నీటి కాఠిన్యం. తడి వేలితోనే ఊడిపోయి నాలుకకు ఉప్పగా తగిలితే ఉప్పు గది మూత సరిగ్గా బిగుసుకోలేదు, ఉప్పునీళ్లు లోపలికి కారుతున్నాయి. మామూలు నీళ్లతో కడిగితే పోయే జిగురు పిండైతే డిటర్జెంట్ ఎక్కువైంది, లేదా నీళ్లు సరిగ్గా వేడెక్కడం లేదు. గాజు మీద మసక నిమ్మరసానికీ కదలకపోతే గాజే అరిగిపోయింది. అది మళ్లీ రాదు.

గోటితో గీత పడుతోందన్నారు, ఉప్పు నెలల తరబడి దిగలేదన్నారు. ఈ రెండూ కలిపి చూస్తే మీది నూటికి తొంభై పాళ్లు సున్నమే. మెషిన్ అడుగున చిన్న చిన్న రెసిన్ పూసలున్న డబ్బా ఒకటి ఉంటుంది. నీళ్లలోని కాల్షియం, మెగ్నీషియంని ఆ పూసలు పట్టుకుని బదులుగా సోడియం వదులుతాయి. కొన్ని వాష్‌ల తర్వాత పూసలు నిండిపోతాయి. అప్పుడు ఉప్పునీళ్లు వాటి గుండా పారి పట్టుకున్న సున్నాన్ని కడిగేస్తాయి. ఎన్నాళ్లకోసారి అలా కడగాలో మెషిన్‌కి మనం చెప్పాలి, అదే హార్డ్‌నెస్ సెట్టింగ్. అది తక్కువలో ఉంటే పూసలు ఎప్పుడో నిండిపోయినా మెషిన్ కడగదు. ఉప్పు దిగదు, గట్టి నీళ్లే గిన్నెల మీద పడతాయి. ఉప్పు ఖర్చు కావడం లేదంటే మిగిలిందని సంతోషించకూడదు, సెట్టింగ్ చూసుకోవాలి.

ట్యాబ్లెట్‌లో ఉన్న ఉప్పు లాంటి పదార్థం సాధారణంగా 21 డీహెచ్ (కాఠిన్యాన్ని కొలిచే జర్మన్ డిగ్రీలు) వరకే పనికొస్తుంది. పీపీఎం లెక్కలో, అంటే లీటరుకి మిల్లీగ్రాముల్లో, అది దాదాపు 375. హైదరాబాద్ శివార్లలో చాలా బోర్లు ఆ గీత దాటేస్తాయి. కాబట్టి బోరు నీళ్లున్న ఇంట్లో ఏ ట్యాబ్లెట్ వాడినా ఉప్పు విడిగా పోయాల్సిందే.

కాఠిన్యం కొలవడానికి టీడీఎస్ మీటర్ పనికిరాదు. అది నీళ్లలో కరిగినవన్నీ కలిపి చూపిస్తుంది, సున్నం ఎంతో విడదీసి చెప్పదు. అక్వేరియం సామాన్లు అమ్మేచోటా, ఆన్‌లైన్‌లోనూ చుక్కల కిట్ దొరుకుతుంది. చుక్కలు వేస్తూ లెక్కపెట్టండి, ఎర్రటి రంగు నీలంగా తిరిగిన చుక్క దగ్గర ఆపండి. ఆ లెక్కని కిట్ మీద రాసిన అంకెతో గుణిస్తే పీపీఎం వస్తుంది. దాన్ని 17.8తో భాగిస్తే డీహెచ్. హెచ్0 నుంచి హెచ్7 దాకా మెట్లున్న మెషిన్లలో హెచ్4 అంటే 13–16, హెచ్5 అంటే 17–21, హెచ్6 అంటే 22–30, హెచ్7 అంటే 31–50 డీహెచ్. మీ మాన్యువల్‌లో పట్టిక వేరుగా ఉంటే అదే అనుసరించండి. 50 డీహెచ్, అంటే సుమారు 890 పీపీఎం దాటిన నీళ్లని ఈ రకం మెషిన్ ఒంటరిగా సర్దుకోలేదు, ఇంటి పైపుకే సాఫ్ట్‌నర్ పెట్టించుకోవాలి.

ఇక ఉప్పు. డిష్‌వాషర్ ఉప్పు అని అమ్మే పెద్ద పలుకులదే వాడండి. టేబుల్ సాల్ట్‌లో గడ్డకట్టకుండా కలిపే పొడి ఉంటుంది, పలుకు కూడా సన్నం, డబ్బాలో ముద్ద అయిపోతుంది. కల్లుప్పు చవకే గానీ అందులో మట్టి, మెగ్నీషియం ఉంటాయి. ఏ మెగ్నీషియం తీసేయడానికి ఈ పూసలున్నాయో దాన్నే మనం పోసినట్టవుతుంది. మొట్టమొదటిసారి మాత్రం ఉప్పు గదిలో ముందు లీటరు నీళ్లు పోసి తర్వాత ఉప్పు పోయాలి. మళ్లీ పోసేటప్పుడు నీళ్లు అక్కర్లేదు, లోపలున్నవే పొంగి బయటికి వస్తాయి. అంచుల మీద పడ్డ పలుకులు తుడిచి, మూత గట్టిగా తిప్పి, వెంటనే ఒక ప్రోగ్రామ్ వేయండి. ఉప్పునీళ్లు రాత్రంతా స్టీలు అడుగున నిలిస్తే తుప్పు చుక్కలు లేస్తాయి.

మూడోఅంతస్తు:

నిలిచిన నీళ్ల గురించి. ఫిల్టర్ శుభ్రంగా ఉన్నా నీళ్లు పోవడం లేదంటే దాని కింద చూడాలి. ఈ వరసలో వెళ్లండి.

స్విచ్ ఆపి ప్లగ్ తీసేయండి. కింది ట్రే బయట పెట్టి, ఫిల్టర్ గొట్టం తిప్పి లాగేయండి. నిలిచిన నీళ్లు గ్లాసుతో తోడి, మిగిలినవి స్పాంజితో పీల్చండి. గుంట పక్కన చిన్న ప్లాస్టిక్ మూత కనిపిస్తుంది, అదే డ్రెయిన్ పంపు మూత. చాలా మెషిన్లలో చెంచా కాడతో మీటితే పైకి వస్తుంది. లోపల వేలు పెట్టేముందు టార్చి వేసి చూడండి, గాజు పెంకులు అక్కడే చేరతాయి. నిమ్మ గింజ, బిర్యానీ ఆకు ఈనె, టూత్‌పిక్ ముక్క, స్టీలు పీచు తునక, ఇవీ మామూలుగా దొరికేవి. లోపలున్న పంపు చక్రాన్ని వేలితో తిప్పండి. ఒక్కో మెట్టు ఆగి ఆగి తిరిగితే కంగారు పడకండి, అయస్కాంతం వల్ల అలాగే తిరుగుతుంది. అసలు కదలకపోతేనో, పట్టు లేకుండా గిరగిరా తిరిగిపోతేనో పంపు పోయిందని అర్థం. మూత తిరిగి పెట్టేటప్పుడు టక్కుమని శబ్దం వచ్చేదాకా నొక్కండి. అది వదులైనా నీళ్లు పోవు.

పంపు బాగుంటే మెషిన్ నీళ్లు బయటికి పోయే గొట్టాన్ని సింక్ కింద చూడండి. సిలిండర్‌నో డబ్బానో జరిపినప్పుడు అది మడతపడటం సాధారణం. సింక్ ట్రాప్‌కి (సింక్ కింద ఉండే వంపు గొట్టానికి) కలిపిన చోట నెయ్యి, నూనె గడ్డకట్టి దారి సన్నబడుతుంది, అక్కడ విప్పి వేడినీళ్లతో కడగాలి. గొట్టం మధ్యలో ఎక్కడో ఒకచోట సింక్ అడుగుదాకా పైకి లేచి మళ్లీ దిగాలి. నేల మీదుగా పోతే సింక్‌లో పోసిన మురికినీళ్లు మెషిన్‌లోకి వెనక్కి వస్తాయి. మీరు చెప్పిన వాసనకి ఇదీ ఒక కారణం కావచ్చు. తెలుసుకోవడం తేలిక: మెషిన్ ఆపి ఉంచి, సింక్ నిండా నీళ్లు పట్టి ఒక్కసారిగా వదలండి. మెషిన్ అడుగున నీళ్లు పెరిగితే దొంగ దొరికినట్టే.

వంటిల్లు24:

తెల్ల పొరకి రిన్స్ ఎయిడ్ గదిలో వెనిగర్ పోస్తే సరిపోతుంది కదా? ఖర్చు తక్కువ, చాలామంది వాడుతున్నారు.

బోరుబావి:

వద్దండి. ఆ గది నుంచి ఒక్కో వాష్‌కి పడేది కొన్ని మిల్లీలీటర్లే. అన్ని లీటర్ల గట్టి నీళ్లకి అంత వెనిగర్ ఏ మూలకీ చాలదు, పైగా రోజూ ఆ గదిలో నిలవుండి రబ్బరు సీళ్లను తినేస్తుంది. రిన్స్ ఎయిడ్ పని వేరు, నీటి బొట్టు గిన్నె మీద నిలవకుండా పలచగా జారిపోయేలా చేస్తుంది. గాజు మీద నీలం ఛాయ గీతలు పడితే మోతాదు ఒక మెట్టు తగ్గించండి, బొట్ల మరకలు మిగిలితే ఒక మెట్టు పెంచండి.

ఇప్పటికే పేరుకున్న సున్నానికి నిమ్మ ఉప్పు వాడండి. మెషిన్ ఖాళీగా ఉంచి, డిటర్జెంట్ లేకుండా, 65–70 డిగ్రీల ప్రోగ్రామ్‌లో 100 గ్రాములు. చాలామంది చేసే పొరపాటు దాన్ని అడుగున చల్లి ప్రోగ్రామ్ మొదలుపెట్టడం. ప్రీవాష్ (అసలు వాష్‌కి ముందు కడిగే) నీళ్లతో పాటు అది పది నిమిషాల్లో డ్రెయిన్‌లోకి పోతుంది. డిటర్జెంట్ గదిలో పట్టినంత వేసి మూత పెట్టండి, మిగిలినది ప్రీవాష్ నీళ్లు బయటికి పోయిన శబ్దం విన్నాక తలుపు మెల్లగా తీసి వేయండి. పేరులో ఉప్పు ఉంది కదా అని దీన్ని ఉప్పు గదిలో మాత్రం పోయకండి, అక్కడ మామూలు ఉప్పు తప్ప ఇంకేదీ పడకూడదు. టాయిలెట్ యాసిడ్ అసలే వద్దు, స్టీలుని తినేస్తుంది. బ్లీచింగ్‌తో కలిస్తే విషవాయువు వస్తుంది.

స్టీలుగిన్నె:

చాలా థ్యాంక్స్ అండీ. కిట్‌లో 640 పీపీఎం వచ్చింది. నిమ్మరసం వేసిన చోట స్టీలు మెరిసింది, గాజు గ్లాసుల్లో రెండు మాత్రం మసకగానే ఉన్నాయి. సెట్టింగ్ హెచ్4లో ఉంది. పంపు మూత కింద నిమ్మ గింజ, టూత్‌పిక్ ముక్క ఉన్నాయి, తీశాక నీళ్లు పూర్తిగా పోతున్నాయి. సింక్ పరీక్షలో నీళ్లు పెరగలేదు. పై ట్రేలో చిన్న గిన్నెలకి ఇంకా పప్పు అంటుకునే ఉంటోంది, దానికేం చేయాలి?

మూడోఅంతస్తు:

640ని 17.8తో భాగిస్తే 36 డీహెచ్, హెచ్7 పెట్టండి. ఆ రెండు గాజు గ్లాసుల మీద ఆశ వదులుకోండి.

పై ట్రేకి నీళ్లు కొట్టే రెక్క తీసి వెలుతురుకి ఎదురుగా పెట్టి చూడండి. రంధ్రాల్లో ఆవాలు, జీలకర్ర సరిగ్గా కొలిచినట్టు కూర్చుంటాయి. పిన్నీసుతో లోపలికి తోయకండి, సన్నటి తీగతో బయటికి లాగి, రెక్కని కుళాయి కింద పట్టి ఊపండి. లోపల గలగలమంటే ఇంకా గింజలున్నట్టే. పోపు గింజలు కంచం నుంచి దులిపేసి పెడితే చాలు, గిన్నెలు ముందే కడగక్కర్లేదు. మాడిన అడుగుకీ, ఎండిన ఇడ్లీ పిండికీ మాత్రం కాసేపు చన్నీళ్లు పోసి ఉంచండి. తలుపు మూసేముందు రెండు రెక్కలనీ చేత్తో ఒక్క చుట్టు తిప్పండి, నిలబెట్టిన గరిటె కాడ తగిలితే రెక్క అక్కడే ఆగిపోయి ఒక పక్క మాత్రమే కడుగుతుంది. గిన్నెలు ఒకదానిలో ఒకటి దూరకుండా, ఏటవాలుగా బోర్లించాలి.

వంటిల్లు24:

వెనిగర్ ఆపేశాను. అల్యూమినియం కుక్కర్ కూడా పెట్టేస్తున్నా, నల్లబడుతోంది. అదీ నీళ్ల వల్లేనా?

బోరుబావి:

కాదండి, డిటర్జెంట్‌లో క్షారం వల్ల. అల్యూమినియం దాన్ని తట్టుకోదు, ఆ నలుపు గిన్నెల మీదికీ అంటుతుంది. కుక్కర్, అల్యూమినియం ఇడ్లీ రేకులు, ఇత్తడి, రాగి, ఇనప పెనం, చెక్క గరిటె, ఇవన్నీ చేత్తోనే. స్టీలు కుక్కరైతే పెట్టొచ్చు. గాస్కెట్, విజిల్ తీసి విడిగా కడగండి, మూతకున్న ఆవిరి గొట్టంలో మెతుకు ఇరుక్కుందేమో వెలుతురులో చూశాకే మళ్లీ పొయ్యి మీద పెట్టండి.

స్టీలుగిన్నె గారూ, ట్యాంకర్ నీళ్లు మొదలయ్యాక చుక్కల కిట్‌తో ఇంకోసారి కొలవండి, ట్యాంకర్ ఏ బోరు నుంచి వస్తుందో దాన్ని బట్టి అంకె మారుతుంది. హెచ్7కి మార్చాక ఉప్పు మునుపటికంటే చాలా త్వరగా దిగుతుంది, ఉప్పు అయిపోయిందని చూపే దీపం వెలిగిన రోజే నింపండి.