గుండ్రటి అడుగు కుట్టేటప్పుడు తోలు ఎలా పట్టుకోవాలి? పోనీయా, మోకాళ్ళా?

అనంతపురం_సూది:
అందరికీ నమస్కారం. ఆరేళ్ళుగా ఇంట్లోనే తోలు పని చేస్తున్నా. బెల్టులు, పర్సులు, తాళాల పట్టీలు. ఈసారి ఒకాయన నీళ్ళ సీసాలకు తోలు తొడుగులు ఆరు కావాలన్నాడు. చెట్టు బెరడుతో పదును చేసిన 2 మిల్లీమీటర్ల తోలు. సీసా అడ్డం ఏడున్నర సెంటీమీటర్లు.

పక్క కుట్టు ఇబ్బంది లేకుండా వచ్చింది, పోనీలో బిగించి కుట్టేశా. తెలియనివాళ్ళకు: పోనీ అంటే నిలువుగా రెండు చెక్కలు, మధ్యలో ఒక మర. కింది పలక మీద మనం కూర్చుంటే అది కదలదు. చిక్కంతా అడుగు దగ్గరే. గుండ్రటి బిళ్ళను తడిపి, అంచు మడిచి మూకుడులా చేసి, ఆ అంచు బయటికి చూసేలా గొట్టంలో దూర్చా. గోడనూ అంచునూ కలిపి చుట్టూ కుట్టాలి. 4 మిల్లీమీటర్లకో రంధ్రం, మొత్తం 60 దాకా వస్తాయి. పోనీలో పెడితే గొట్టం నలిగి కోడిగుడ్డులా అవుతోంది. చెమ్మ తోలు మీద చెక్కల అచ్చు పడితే మళ్ళీ పోదు. ఒకే దారం రెండు కొసలకూ చెరో సూది పెట్టి రెండు వైపుల నుంచీ కుట్టాలి కదా, చేత్తో పట్టుకుంటే రెండో సూదికి చెయ్యి లేదు. మీరెలా చేస్తారు?

పెన్నా_ఒడ్డు:
మా ఇంట్లో మూడో చెయ్యి మా ఆవిడది. గంటకోసారి టీ పెట్టిస్తే చాలు, బాగానే పనిచేస్తుంది.

సరళరేఖ_కర్నూలు:
ముందు తోలు పూర్తిగా ఆరనివ్వండి. సీసాకు ప్లాస్టిక్ కవరు చుట్టి తొడుగులో పెట్టి ఒక రాత్రి వదిలేయండి, ఆకారం నిలబడుతుంది. తర్వాత టేబుల్ అంచుకు ఒక లావుపాటి గుండ్రటి కర్రను సీ క్లాంపుతో అడ్డంగా బిగించండి. దానికి పాత జీన్సు గుడ్డ చుట్టి, తొడుగును బిర్రుగా తొడగండి, అడుగు మీ వైపు ఉండాలి. నాలుగు కుట్లకోసారి తిప్పుకుంటూ పోవచ్చు. పోనీ చెక్కలకు కూడా లోపల మెత్తటి తోలు అంటిస్తే అచ్చు పడదు.

రెండు సూదుల కుట్టుకు రెండు చేతులూ ఖాళీగా ఉండాలి, అందుకే పోనీ పుట్టింది. మిషన్ కుట్టులో ఒకచోట తెగితే వరస ఊడిపోవచ్చు. ఇందులో ఒక వైపు దారం తెగినా రెండోది పట్టుకునే ఉంటుంది. ఇంత కష్టపడేది అందుకే. ఇక్కడ మోకాళ్ళ మధ్య పెట్టుకోమని చెప్పేవాళ్ళు వస్తారు, వినకండి. ప్రతి కుట్టుకూ పని కదులుతుంది, ఆర, అంటే రంధ్రం పొడిచే ముల్లు, దిగే కోణం మారుతుంది, కుట్టు పాములా పోతుంది.

కపిలబాన:
వచ్చినాను. మోకాళ్ళ మధ్య పెట్టుకోమని చెప్పేవాణ్ణి నేనే.

మాది ప్రొద్దుటూరు దగ్గర పల్లె. మా జేజినాయన కపిలకు తొండాలు కుట్టేవాడు. ఈ కాలం పిల్లలకు కపిల తెలియదు. మోటార్లు రాకముందు బావి గట్టు మీంచి ఎద్దులు వాలులోకి దిగుతుంటే, గిలక మీదుగా మోకు లాగితే బావిలోంచి బాన పైకొచ్చేది. బాన ఇనుముది, దాని అడుగున తోలు తొండం. పైకొచ్చాక ఆ తొండంలోంచి నీళ్ళు కాలువలో పడేవి. మనిషి చెయ్యంత పొడుగు గొట్టం, ఒక కొస వెడల్పు, ఒక కొస సన్నం. దాన్ని ఏ పోనీలో పెడతారు సార్?

సూదమ్మా, ఇట్లా చెయ్. పీట మీద కూర్చో. తొడుగు లోపల సీసా ఉంచు, అప్పుడు ఎంత నొక్కినా నలగదు. తలకిందులు చేసి, అడుగు పైకొచ్చేటట్టు మోకాళ్ళ మధ్య పట్టు. కుడి చెయ్యి బయట నుంచి, ఎడమ చెయ్యి మూకుడు లోపలి నుంచి. ఇంకా బిగువు కావాలంటే తొడ మీద పెట్టి, దాని మీదుగా ఒక వారు, అంటే తోలు పట్టీ, వేసి, కొస పాదం కింద తొక్కిపెట్టు. పాదం నొక్కితే బిగుస్తుంది, ఎత్తితే వదులవుతుంది. మర తిప్పాలంటే సూది కింద పెట్టాలి, దీనికి ఆ పని లేదు.

తోలు పూర్తిగా ఆరనివ్వొద్దు. మన ఎండకు సాయంత్రానికే చెక్క అవుతుంది. ఎండిన తోలులో ఆర ఇరుక్కుంటుంది. బలంగా లాగితే ఎడమ చేతికి దిగుతుంది. నా బొటనవేలికి ఆ గుర్తు ఉంది.

సరళరేఖ_కర్నూలు:
తొండం సంగతి ఆసక్తిగా ఉంది, కానీ నేను చెప్పినదానికి జవాబు కాదు. అంగుళానికి ఎన్ని కుట్లు? రంధ్రాలన్నీ ఒకే కోణంలో ఉన్నాయా? నీళ్ళు కారేవి కావా?

కపిలబాన:
తొండంలోంచి నీళ్ళు కారేవా అని అడుగుతున్నారా! నీళ్ళు పొయ్యడమే కదా సార్ దాని పని.

పెన్నా_ఒడ్డు:
🙏🙏 ఈ థ్రెడ్ సేవ్ చేసుకున్నా.

నిమ్మలకుంట_దారి:
ధర్మవరం దగ్గర మా నిమ్మలకుంటలో తోలుబొమ్మలకు చేతులు, కాళ్ళు అన్నీ విడిగా కోసి, కీళ్ళ దగ్గర దారంతో ముడేస్తారు. ఏ పోనీ లేదు. 2020లో దళవాయి చలపతిరావు గారికి పద్మశ్రీ వచ్చింది కూడా ఈ కళకే.

సరళరేఖ_కర్నూలు:
అన్నా, గౌరవం ఉంది. కానీ అది వెలుతురు దాటేంత పల్చటి మేకతోలు. నేల మీద చదునుగా పరుచుకుంటుంది, కీలు కదలాలి కాబట్టి ముడి వదులుగానే వేస్తారు. ఇక్కడ గొట్టం, బిళ్ళ, బిగువు. వేరే సమస్య.

నిమ్మలకుంట_దారి:
సమస్య వేరే అని నాకూ తెలుసు. మన జిల్లా పేరు రావాలని రాశా.

సరళరేఖ_కర్నూలు:
కపిలబాన గారూ, అసలు విషయానికి వద్దాం. పని కదలకుండా ఉంటేనే ఆర ప్రతిసారీ ఒకే ఏటవాలులో దిగుతుంది. నేను మొదట్లో మోకాళ్ళ మధ్యే కుట్టాను. పదో కుట్టుకు తొడ నొప్పి, ఇరవైకి వేళ్ళు తిమ్మిరి, వెనక వైపు వరస వంకర. ముందు వైపు ఎవరైనా బాగా కుడతారు. వెనక తిప్పి చూస్తేనే పనితనం తెలుస్తుంది.

కపిలబాన:
తొడ నొప్పి మీది. వంకర ఆరది. రెండూ కలిపి మోకాళ్ళ మీద వేస్తారేం?

టాకాలు, అంటే తాత్కాలిక కుట్లు, వేసి కుట్టారా? ముందు రబ్బరు సొల్యూషన్ పల్చగా రాసి రెండూ అతికించాలి. తర్వాత పాత దారంతో నాలుగు దిక్కులా ఒక్కో టాకా. అప్పుడు బిళ్ళ తిరగదు. మీరు పట్టుకోవడానికి పోనీ మీద ఆధారపడ్డారు కాబట్టి అతికించడం నేర్చుకోలేదు. పని కదలకుండా ఆపేది టాకా. మోకాలు దాన్ని మోస్తుంది, అంతే.

రాయదుర్గం_మాస్టారు:
మధ్యలో ఒక మాట. 2023 సెప్టెంబరు 17న మొదలైన పీఎం విశ్వకర్మ పథకంలో ఉన్న 18 వృత్తుల్లో పాదరక్షలు చేసేవాళ్ళూ ఉన్నారు. శిక్షణతో పాటు పరికరాలకు 15,000 రూపాయల దాకా ఇస్తారు. పోనీ కొనుక్కోవచ్చు కదా, గొడవెందుకు?

కపిలబాన:
మాస్టారూ, డబ్బు సమస్య కాదు. రెండు చెక్కలు, ఒక మర. వడ్రంగికి ఐదు వందలిస్తే చేసిపెడతాడు.

అనంతపురం_సూది:
టాకాల సంగతి నాకు తట్టలేదు, థాంక్స్ అన్నా. ఇప్పుడే నాలుగు వేశా, బిళ్ళ తిరగడం ఆగింది. అయినా పట్టుకునే విషయం తేలలేదు. కర్ర పద్ధతికి మా టేబుల్ ఊగుతోంది.

సరళరేఖ_కర్నూలు:
టేబుల్‌ను గోడకు ఆనించండి. ఏమైనా చేయండి కానీ కాళ్ళ దగ్గరకు మాత్రం పోకండి. ఇది నైపుణ్యం ఒక్కదాని సంగతి కాదు. మీరు ఆన్‌లైన్లో అమ్ముతారు కదా, పని చేసేటప్పుడు వీడియో తీస్తారు. రెండేళ్ళ క్రితం నేనూ తీశాను. పర్సు అంచు పాదాల మధ్య పట్టుకుని కుడుతున్న వీడియో అది. నాలుగు పర్సుల ఆర్డరు ఉండేది. ఆర్డరిచ్చినావిడ వీడియో చూసి మెసేజ్ పెట్టింది: కాళ్ళ కింద పెట్టి కుట్టిన పర్సులో లక్ష్మిని ఎలా పెట్టుకోవాలి అని. ఆర్డరు పోయింది. ఆ మర్నాడే పోనీ తెప్పించుకున్నా.

కపిలబాన:
ఆహా. ఇప్పుడు బయటపడింది.

మూడు రోజులుగా కోణం, ఏటవాలు, వెనక వరస అని నాకు పాఠం చెప్పింది దీనికా? ముందే చెప్పి ఉంటే నేను ఒక్క మాటా అనేవాణ్ణి కాదు.

మా నాయన ప్రొద్దుటూరులో రోడ్డు పక్క గొడుగు కింద ముప్పై ఏళ్ళు కూర్చున్నాడు. జనం చెప్పును చేత్తో తీసి ఇచ్చేవాళ్ళు కాదు, కాలితోనే ముందుకు తోసేవాళ్ళు. కుట్టాక డబ్బు చేతిలో పెట్టకుండా పైనుంచి వేసేవాళ్ళు. అప్పుడు కాలు అడ్డం రాలేదు. ఇప్పుడు పర్సుకు వచ్చిందా? ఆ తోలు పర్సు కాకముందు తంగేడు చెక్క నీళ్ళ లందలో, అంటే తోలు నానేసే తొట్టిలో, దాన్ని కాళ్ళతోనే తొక్కినాం సార్. లక్ష్మి అప్పుడెక్కడుంది?

సరళరేఖ_కర్నూలు:
మీ నాయన గారిని నేను ఒక్క మాటా అనలేదు. ఆ కస్టమర్ అన్న మాట మీకు చెప్పాను. నాకు ఈఎంఐలు ఉన్నాయి, ఉద్యోగం పోయాకే ఇందులోకి వచ్చాను. కొనేవాడి మనసు మార్చే ఓపిక నాకు లేదు.

కపిలబాన:
మనసు మార్చమనలేదు. మోకాళ్ళ మధ్య కుడితే కుట్టు వంకర పోతుందని రాశారు. అది అబద్ధం. కస్టమర్ కోసం మానేశానని రాయండి, ఒప్పుకుంటా.

పెన్నా_ఒడ్డు:
ఆయన చెప్పింది న్యాయమే.

నిమ్మలకుంట_దారి:
ఇద్దరూ పెద్దవాళ్ళు. కొంచెం నీళ్ళు తాగండి.

అనంతపురం_సూది:
ఇంత గొడవలో నన్ను మర్చిపోయారు. అసలు మోకాళ్ళ పద్ధతి నాకు తెలియక అడగలేదు. మీరిద్దరూ మగవాళ్ళు, లుంగీ ఎగగట్టి పీట మీద కూర్చుంటారు. నేను పగలంతా వేరే పని చేసి, రాత్రి వరండాలో ట్యూబులైటు కింద కుడతాను. మోకాళ్ళు దూరంగా పెట్టి కూర్చుంటే ఎదురింటావిడ చూపు, మా అత్త చూపు. నైటీ మీద ఆర జారితే అది వేరే. నేను పోనీ కొన్నది కుట్టు కోసం కాదు, మర్యాదగా కూర్చోవడానికి. అది చెప్పడానికి మొహమాటపడి, గొట్టం నలుగుతోందని మాత్రమే రాశా. గొట్టం నలగడం నిజమే.

కపిలబాన:
అమ్మా, ఇది నాకు తట్టనే లేదు. మా అమ్మ కూడా గజ్జెల పట్టీలు కుట్టేది, గోడకు వీపు ఆనించి కాళ్ళు చాపి కూర్చునేది. ఎందుకో ఇప్పుడు అర్థమవుతోంది.

అట్లయితే వారు పద్ధతి చెయ్. రెండు మోకాళ్ళూ కలిపే ఉంచు. ఒడిలో మందపాటి జీన్సు గుడ్డ మడిచి వేసుకో, ఆర జారినా దిగదు. తొడుగును దాని మీద పడుకోబెట్టు, సీసా లోపలే, అడుగు నీ కుడి పక్కకు. వారు తొడుగు మీదుగా వచ్చి పాదం కిందికి పోతుంది. కుడి చెయ్యి మూకుడు లోపలి నుంచి, ఎడమ చెయ్యి బయట నుంచి.

సరళరేఖ_కర్నూలు:
ఇదైతే కదలదు. దారం ఎంత తీసుకోవాలో కూడా చెప్తా: చుట్టుకొలత 25 సెంటీమీటర్లు అనుకోండి, దానికి నాలుగింతలు, మీటరు. చేతులు రెండూ చాపి లాగడానికి మీటరు సుఖంగా ఉంటుంది.

అనంతపురం_సూది:
రాత్రి మొదటిది పూర్తయింది. ఒడిలో గుడ్డ, దాని మీద వారు. 61 రంధ్రాలు వచ్చాయి, ఒకటి ఎక్కువ పొడిచానేమో. వెనక వరసలో మూడు చోట్ల కొంచెం పక్కకు పోయింది. అది మూకుడు లోపల కాబట్టి కనపడదు. ఫోటో తీశా. పాదం కింద వారు కూడా పడింది. పెట్టాలా, కత్తిరించాలా అని చూస్తున్నా.

పెన్నా_ఒడ్డు:
పెట్టండి. సీసాలో నీళ్ళే కదా, లక్ష్మి లేదు.

కపిలబాన:
గంగమ్మ ఉంది అంటారేమో చూడు 😀

చివర ముడి వెయ్యొద్దమ్మా. మొదటి రెండు రంధ్రాల్లోంచి మళ్ళీ వెనక్కి కుట్టి, లోపలి వైపు తోలుకు ఆనించి కొయ్యి.

సరళరేఖ_కర్నూలు:
కపిలబాన గారూ, ఆ వారు వెడల్పు ఎంత ఉండాలి?

కపిలబాన:
రెండు వేళ్ళు. సన్నగా ఉంటే పాదం కోసుకుంటుంది. గేదె తోలు తీసుకోండి.