గొప్ప కాలేజీ ఫుట్‌బాల్ కోచ్ అని దేన్ని చూసి అనాలి?

అమెరికన్ ఫుట్‌బాల్ బాగా తెలిసినవాళ్లు కాస్త చెప్పండి. మా ఆఫీసులో అలబామా యూనివర్సిటీ జట్టు అభిమానులకి ఆ జట్టు మాజీ కోచ్ నిక్ సబాన్ తర్వాతే ఎవరైనా. 7 జాతీయ టైటిళ్లు, కాదనలేం. 2018 జనవరి ఫైనల్లో జార్జియా మీద 0-13తో వెనకబడితే, హాఫ్‌టైమ్‌లో స్టార్ క్వార్టర్‌బ్యాక్ (జట్టు దాడిని నడిపే ఆటగాడు) జేలెన్ హర్ట్స్‌ని కూర్చోబెట్టి, మొదటి ఏడాది కుర్రాడు టువాని దింపాడు. ఓవర్‌టైమ్‌లో 26-23తో గెలిచారు. ఆ గుండె ధైర్యానికి నేనూ దండం పెడతా.

కానీ మెరికల్లాంటి కుర్రాళ్లు ఏటా తన దగ్గరికే క్యూ కడుతుంటే సగం పని అయిపోయినట్టే కదా? నా ఓటు కాన్సాస్ స్టేట్ యూనివర్సిటీ మాజీ కోచ్ బిల్ స్నైడర్‌కి. 1989లో ఆయన చేరేసరికి ఆ జట్టు వరసగా 27 మ్యాచ్‌లు గెలుపు ముఖం చూడలేదు. 1998లో అదే జట్టు రెగ్యులర్ సీజన్‌లో ఒక్కటీ ఓడలేదు! జాతీయ టైటిల్ మాత్రం దక్కలేదు. అందుకే నా వాదన ఎవరూ వినరు.

మీరైతే ఎవరివైపు? ఇంకోటి, టీవీలో చూస్తున్నప్పుడు కోచ్ పనితనం ఎక్కడ పట్టుకోవాలి? నాలుగో డౌన్ (పది గజాలు ముందుకెళ్లడానికి ఉన్న చివరి ప్రయత్నం) నిర్ణయాల్లోనా, సెకండ్ హాఫ్‌లో డిఫెన్స్ మార్చడంలోనా? ఆటగాళ్లు ఇట్టే కాలేజీలు మారిపోతున్న ఈ రోజుల్లో స్నైడర్‌లా ఓపిగ్గా జట్టు కట్టడం కుదురుతుందా?