బిడ్డల్లాంటి ఆశ్చర్యం విశ్వాసికి ఉండి తీరాలా, లేక అది ఎదిగి దాటాల్సిన మెట్టా?

ఆవగింజ:
అందరికీ ప్రభువు నామంలో వందనాలు. 14 ఏళ్లుగా సండే స్కూల్లో పాఠం చెబుతున్నాను. పోయిన ఆదివారం ఐగుప్తు నుంచి బయటపడిన ఇశ్రాయేలీయులు ఎర్ర సముద్రం దాటిన పాఠం. నీళ్లు కుడిపక్కా ఎడమపక్కా గోడలా నిలిచాయని చదివి వినిపించాను. ఆరేళ్ల పాప లేచి నిలబడి, "టీచర్, ఆ గోడలో ఉన్న చేపలు వీళ్లు నడిచిపోవడం చూశాయా?" అని అడిగింది. "అది ముఖ్యం కాదమ్మా, కూర్చో" అన్నాను. కూర్చుంది. పాఠం టైముకి ముగిసింది.

ఇంటికి వచ్చినా ఆ ప్రశ్న నన్ను వదల్లేదు. ఈ పాఠం ఎన్నిసార్లు చెప్పానో లెక్కలేదు. కంఠత వాక్యం తెలుసు, అన్వయం తెలుసు, చివర్లో అడగాల్సిన ప్రశ్నలు తెలుసు. కానీ ఆ గోడ వైపు ఒక్కసారి కూడా తలతిప్పి చూడలేదు. ఆ పాప నాకంటే ముందు సముద్రంలోకి దిగి నడిచింది.

అందుకే అడుగుతున్నాను. "మీరు మార్పునొంది బిడ్డలవంటివారైతేనే గాని పరలోకరాజ్యములో ప్రవేశింపరు" అని మత్తయి 18:3లో ప్రభువు అన్నాడు. ఆ బిడ్డతనంలో ఆశ్చర్యం కూడా భాగమేనా? అది పోతే విశ్వాసానికి జబ్బు చేసినట్టా, ఎదిగినట్టా?

బెరయ:
వందనాలు సిస్టర్. మీ బాధ అర్థమైంది. కానీ మన బాధను వచనంలోకి ఎక్కించకూడదు. సందర్భం చూడండి. శిష్యులు అడిగింది పరలోకరాజ్యంలో ఎవడు గొప్పవాడని. జవాబు తర్వాతి వచనంలో ప్రభువే ఇచ్చాడు: ఈ బిడ్డవలె తన్ను తాను తగ్గించుకొనువాడు. ఆ రోజుల్లో బిడ్డకు హోదా లేదు, పదిమందిలో మాట చెల్లదు. హోదా కోసం పోట్లాడుకుంటున్న వాళ్ల మధ్య హోదా లేనివాణ్ణి నిలబెట్టాడు. కళ్లు విప్పార్చుకుని చూడడం గురించి అక్కడ ఒక్క ముక్క లేదు.

పౌలు అయితే ఇంకా సూటిగా చెప్పాడు. పెద్దవాడనై పిల్లవాని చేష్టలు మానేశానన్నాడు (1 కొరింథీ 13:11). దుష్టత్వం విషయంలో శిశువులుగా ఉండండి, బుద్ధి విషయంలో పెద్దవాళ్లు కండి అన్నాడు (14:20). హెబ్రీ పత్రిక 5వ అధ్యాయం పాలు తాగే శిశువులా ఎదగకుండా ఉండిపోయిన విశ్వాసిని మెచ్చుకోదు, మందలిస్తుంది.

ఇంత గట్టిగా ఎందుకంటున్నానో కూడా చెప్పాలి. నేను పెరిగిన చోట "పిల్లల్లా నమ్మండి" అనే మాట ప్రశ్నలు అడిగేవాళ్ల నోరు మూయించడానికే వాడేవాళ్లు. కానుకల లెక్క అడిగితే పిల్లల్లా నమ్మండి. స్వస్థత జరిగిందన్న మనిషి మళ్లీ మంచం పట్టాడేమని అడిగితే పిల్లల్లా నమ్మండి. అపొస్తలుల కార్యములు 8వ అధ్యాయంలో సమరయ వాళ్లంతా గారడీ సీమోనును చూసి ఆశ్చర్యపోయారు, దేవుని మహాశక్తి ఇతడే అన్నారు. ఆశ్చర్యపోవడం ఒక్కటే మనిషిని సత్యం దగ్గరికి తీసుకెళ్లదు.

తొలకరి:
గ్రీకులో బిడ్డ అనడానికి రెండు వేర్వేరు మాటలున్నాయి కదా బ్రదర్. మత్తయి 18లో పైదియోన్, 1 కొరింథీ 13లో నేపియోస్. ప్రభువు ఉండమన్న బిడ్డ వేరు, పౌలు మానేసిన పిల్లతనం వేరు. చర్చ ఇక్కడితో తేలిపోయినట్టే.

బెరయ:
తేలలేదు. మత్తయి 11:25లో ప్రభువు తండ్రిని స్తుతిస్తూ జ్ఞానులకు మరుగుచేసి "పసిబాలురకు" బయలుపరిచావని అన్నచోట ఉన్నది కూడా ఆ నేపియోస్ మాటే. మాటను చూసి విడదీస్తే అక్కడ తప్పిపోతాం. ఇది నా వాదనకు ఇబ్బంది పెట్టే వచనమని తెలిసే చెబుతున్నాను.

నక్షత్రాల లెక్క:
ఆ వచనం దగ్గరికి వచ్చారు కాబట్టి ఇంకొక్క అడుగు నాతో వేయండి బ్రదర్. సందర్భం చూడమన్నారు, చూద్దాం. మత్తయి 21:15. ప్రభువు దేవాలయంలో గుడ్డివారిని, కుంటివారిని బాగుచేశాడు. అప్పుడు ప్రధానయాజకులు, శాస్త్రులు రెండింటిని చూసి మండిపడ్డారని రాసి ఉంది: ఆయన చేసిన వింతలను, దావీదు కుమారునికి జయమని కేకలు వేస్తున్న చిన్నపిల్లలను. వింతలూ పిల్లలూ ఒక్క వాక్యంలో ఉన్నారు. ఆ వింతలు అందరి కళ్లముందే జరిగాయి. లేఖనం బాగా చదువుకున్న పెద్దలకు కోపం వచ్చింది, పిల్లల నోట పాట వచ్చింది.

ప్రభువు వాళ్లకిచ్చిన జవాబు చూడండి. "బాలురయొక్కయు చంటిపిల్లలయొక్కయు నోట" స్తోత్రం సిద్ధింపజేశావన్న మాట మీరెన్నడూ చదవలేదా అన్నాడు. అది ఎక్కడిది? 8వ కీర్తన. చంటిపిల్లల మాట అయిన వెంటనే ఆ కీర్తనలో ఏముంది? నీ చేతిపనియైన ఆకాశాన్ని, చంద్రనక్షత్రాలను చూస్తుంటే మనిషి ఏపాటివాడని నువ్వు జ్ఞాపకం చేసుకుంటున్నావు? బైబిల్లో ఆశ్చర్యం ఇంత తేటగా పలికిన కీర్తనలు కొన్నే. పిల్లల పక్షాన మాట్లాడడానికి ప్రభువు ఎంచుకున్నది ఈ కీర్తననే. పైగా మీరు చెప్పిన తగ్గింపు అక్కడా ఉంది, "వాడేపాటివాడు" అనే మాటలో. ఆకాశం చూసి నోట మాట రాని మనిషి హోదా కోసం పోట్లాడడు. తగ్గింపునీ ఆశ్చర్యాన్నీ మీరు విడదీశారు, ఆ కీర్తన విడదీయలేదు.

ఎదిగితే ఆశ్చర్యం పోతుందనే మాట కూడా నాకు సమ్మతం కాదు. నేను పిల్లలకు ఖగోళశాస్త్రం చెబుతాను. నక్షత్రాలు లెక్కపెట్టమని దేవుడు అబ్రాహాముతో అన్నప్పుడు, ఎంత చీకటి రాత్రయినా మామూలు కంటికి కనపడేవి కొన్ని వేలే. మన పాలపుంత ఒక్కదానిలోనే 10,000 కోట్లకు పైగా నక్షత్రాలున్నాయని ఇప్పుడు తెలుసు. ఆదికాండం 15:5 చదివినప్పుడు ఆ అంకె నా ఆశ్చర్యాన్ని తగ్గించలేదు, నీ సంతానం అలా అవుతుందన్న ఆ వాగ్దానం ఇంకా బరువెక్కింది.

పాస్కల్‌ను తలచుకోండి. సంభావ్యతా గణితానికి పునాది వేసినవాళ్లలో ఒకడు. 1654 నవంబర్ 23 రాత్రి అతనికి జరిగిన అనుభవాన్ని ఒక కాగితం మీద రాసుకున్నాడు. పైన "అగ్ని" అని ఒక్క మాట. తర్వాత అబ్రాహాము దేవుడు, ఇస్సాకు దేవుడు, యాకోబు దేవుడు, తత్త్వవేత్తల, పండితుల దేవుడు కాదు అని. అప్పటికి అతనికి 31 ఏళ్లు. ఆ రాత గురించి ఎవరికీ చెప్పలేదు. 1662లో చనిపోయాక అతని కోటు లోపల కుట్టి ఉండగా దొరికింది. వాదించడం తెలియక అలా రాసుకున్న మనిషి కాదు కదా.

పాత విశ్వాసి:
రోమా పత్రిక కూడా చూడండి నాయనా. పౌలు 11 అధ్యాయాలు వాదించి వాదించి, 11:33కి వచ్చేసరికి "ఆహా" అన్నాడు. ఆ "ఆహా" మొదటి అధ్యాయంలో రాలేదు. అంత లోతుకు వెళ్లినవాడికే అది వచ్చింది.

రాత్రికావలి:
చాలా రోజులుగా చదవడమే గాని రాయలేదు. ఈ చర్చ చూసి ఊరుకోలేకపోయాను.

మీరందరూ ఆశ్చర్యం చదువు వల్ల పోతుందా పోదా అని మాట్లాడుతున్నారు. నాది చదువు వల్ల పోలేదు, ఆసుపత్రి గదిలో పోయింది. మా తమ్ముడికి అప్పటికి 19 ఏళ్లు. పసిబిడ్డలా నమ్మాను, నిజంగా నమ్మాను. లేస్తాడని చొక్కా ఇస్త్రీ చేసి పెట్టాను. లేవలేదు. ఆ తర్వాత ఒక పెద్దాయన వచ్చి "నీలో చిన్నపిల్ల విశ్వాసం తగ్గింది తల్లీ" అన్నారు. ఆ మాట ఎనిమిదేళ్లయినా నాలో నుంచి దిగలేదు.

ఇప్పటికీ ప్రార్థిస్తాను, సంఘానికి వెళ్తాను. కానీ "వావ్ దేవా" అని పాడమంటే నా వల్ల కాదు. ఆశ్చర్యం ఉండి తీరాలని మీరు తీర్మానిస్తే నాలాంటివాళ్లు ఎక్కడ నిలబడాలి?

ఆవగింజ:
అక్కా, ఆ చొక్కా మాట చదివాక కాసేపు ఏమీ రాయలేకపోయాను. మీకు ఆ మాట అన్నవారు తప్పు అన్నారు. ఆ తప్పుకి లేఖనం ఆసరా లేదు. లాజరు సమాధి దగ్గర ప్రభువు ఏడ్చాడు. దుఃఖంలో ఉన్న అతని అక్కచెల్లెళ్లు మార్త మరియలతో మీలో పసితనం తగ్గిందని అనలేదు.

నా ప్రశ్నను సరిగా అడగలేదని మీ మాటతో అర్థమైంది. నేను భయపడింది మీలాంటి స్థితికి కాదు. ఇశ్రాయేలీయులకు అరణ్యంలో ఆకాశం నుంచి ఆహారంగా పడిన మన్నా కథలో జరిగినదానికి. మొదటి రోజు దాన్ని చూసి "ఇదేమి?" అన్నారు, పేరే అలా వచ్చింది. సంఖ్యాకాండం 11:6కి వచ్చేసరికి ఈ మన్నా తప్ప మా కళ్లెదుట ఇంకేమీ లేదని విసుక్కున్నారు. ఆ మన్నా మారలేదు, అప్పటికీ ఆకాశం నుంచే పడుతోంది. మీ కన్నీళ్లలో ఆ విసుగు లేదక్కా. విసుగు నాలో ఉంది, చేపల సంగతి అడిగిన పాపను కూర్చోబెట్టినప్పుడు.

నక్షత్రాల లెక్క:
రాత్రికావలి గారూ, నా మాటల్లో ఉత్సాహం ఎక్కువై మిమ్మల్ని నొప్పించి ఉంటే మన్నించండి. మీ పేరు 130వ కీర్తనలోది అనుకుంటున్నాను, ఉదయం కోసం కనిపెట్టే కావలివాళ్లది. దాని పక్కనే ఉన్న 131వ కీర్తన మూడే వచనాలు. అందులోనూ బిడ్డ ఉంది. కానీ అది పాలు తాగే బిడ్డ కాదు, "చనుపాలు విడిచిన పిల్ల". పాలు మాన్పించేటప్పుడు బిడ్డ ఎంత ఏడుస్తుందో తల్లులకు తెలుసు. అడిగింది దొరకక ఏడ్చిన తర్వాత కూడా అమ్మ దగ్గరే ఉన్న బిడ్డ అది. ఆ కీర్తనలో కేకలు లేవు, పాట కూడా లేదు. ఊరికే దగ్గర ఉండడమే ఉంది.

రాత్రికావలి:
ఆ కీర్తన చాలాసార్లు చదివాను. పాలు విడిచిన అనే మాట దగ్గర ఎప్పుడూ ఆగలేదు. ఈ రాత్రికి మళ్లీ చదువుతాను. ఇంకేమీ చెప్పలేను ఇప్పుడు.

బెరయ:
రెండు రోజులు ఆలోచించి రాస్తున్నాను. మత్తయి 21 విషయంలో నక్షత్రాల లెక్క గారు చెప్పింది ఒప్పుకుంటున్నాను, 8వ కీర్తనను అలా కలిపి ఎప్పుడూ చదవలేదు. అయినా మత్తయి 18:3ను ఆశ్చర్యానికి ఆజ్ఞగా బోధించడానికి నేను ఒప్పుకోను. ఆజ్ఞగా చేస్తే ఏం జరుగుతుందో రాత్రికావలి సిస్టర్ చెప్పారు. రాని ఆశ్చర్యాన్ని నటించేవాళ్లతో సంఘం నిండిపోతుంది. నా మాట అక్కడే ఉంది.

ఆవగింజ సిస్టర్, మీకు ఒకటి చెప్పాలి. ఆ పాప అడిగింది లేఖనంలో ఎంతవరకు ఉందో చూద్దామని నిర్గమకాండం 14 తీశాను. తూర్పు గాలి వీచింది రాత్రంతా. నీళ్లు తిరిగి కలిసింది తెల్లవారేటప్పుడు. అంటే వాళ్లు నడిచింది రాత్రిపూట. ఇన్నేళ్లుగా నా మనసులో ఆ దృశ్యం పట్టపగలే ఉంది. చీకట్లో చేపలకు ఏం కనిపిస్తుందని అనుకుంటూ వెనక్కి వెళ్లి 20వ వచనం చదివాను. ఆ మేఘం ఐగుప్తీయులకు చీకటిగా ఉండి, ఇశ్రాయేలీయులకు రాత్రి వెలుగిచ్చిందని ఉంది. ఆ వెలుగు నీటి గోడల మీద పడే ఉంటుంది. చేపలు చూశాయో లేదో వాక్యం చెప్పలేదు కాబట్టి నేనూ చెప్పను. కానీ చూడడానికి వెలుగు మాత్రం ఉందని పాపకు చెప్పండి. 20వ వచనం తనచేతే చదివించండి.