చిన్న ఎడ్లబండి నమూనాకు పైపూత: తెల్లబారిన చక్రం, అతి మెరుపు, జిగురు మచ్చల గురించి సందేహం

కొయ్యబండి (ప్రశ్న):

సభ్యులందరికీ నమస్కారం. నేను కాకినాడలో ఉంటాను. ఉపాధ్యాయ వృత్తి నుంచి విరమించిన తరువాత కొయ్యతో చిన్న నమూనాలు చేయడం అలవాటు చేసుకున్నాను. ప్రస్తుతం మా తాతగారి కాలంనాటి రెండెడ్ల బండిని అడుగుకు అంగుళం లెక్కన, అంటే 1:12 కొలతలో, చేస్తున్నాను. నొగలు, కాడి, చట్రం టేకుతోను, చక్రాల పూటీలు (చక్రపు అంచుగా అమరే వంపు ముక్కలు), ఆకులు (అంచునూ నడిమి భాగాన్నీ కలిపే పుల్లలు) తుమ్మతోను చేసి, ఇరుసు దూరే నడిమి కుండలను మాత్రం అంకుడు కర్రతో లేత్ మీద తిప్పించాను. ఒక్కొక్క చక్రం ఐదంగుళాల వ్యాసం. ఆరు పూటీలు, పన్నెండు ఆకులు. ఇనుప పట్టాకు బదులు బిస్కెట్ డబ్బా రేకును సన్నగా కత్తిరించి చుట్టాను.

గత వారం ముసురు పట్టిన రోజున, రంగుల దుకాణంలో ఇచ్చిన ఎన్.సి. (నైట్రోసెల్యులోజ్) లాకర్ అనే మెరుపు పూతలో, దాన్ని పలచబరిచే థిన్నర్ కలిపి ఒక చక్రానికి కుంచెతో పూశాను. అరగంట తిరక్కుండానే చక్రమంతా పాలమీగడ కట్టినట్లు తెల్లబారింది. అది చాలదన్నట్లు, ఆకులు పూటీల్లో దిగే చోట్ల అక్కడక్కడ రంగు పట్టని లేత మచ్చలు తేలాయి. తెల్లబారని చోట్ల కూడా మెరుపు ఎంత ఎక్కువగా ఉందంటే, కొయ్యబండి కాస్తా ప్లాస్టిక్ బొమ్మలా కనిపిస్తోంది. ఈ చక్రాన్ని బాగుచేసుకునే మార్గం ఉందా, మిగిలిన భాగాలకు ఏ పూత వేయాలి అన్నవి నా సందేహాలు. బండి పూర్తయ్యాక డిసెంబరులో షికాగోలో ఉన్న మా మనవడికి పంపాలి కాబట్టి, ఆ దూరానికి తట్టుకునేలా ఉండాలి.

చిత్రిక (జవాబు):

కొయ్యబండి గారూ, చక్రం పాడైపోలేదు, కంగారు పడకండి. లాకర్‌లోని థిన్నర్ చాలా త్వరగా ఆవిరైపోతుంది; ఆ ఆవిరయ్యే వేగానికి పూత ఉపరితలం చల్లబడి, గాలిలోని తేమ దాని మీద సన్నని మంచులా దిగి, పూతలోనే చిక్కుకుపోతుంది. మీరు చూసిన పాలపొర అదే. పొడి ఎండ కాసే రోజున, మధ్యాహ్నం పూట, రిటార్డర్ అనే నెమ్మదిగా ఆరే ద్రావకాన్ని థిన్నర్‌లో పదో వంతు కలిపి, మెత్తని కుంచెను అందులో ముంచి, బాగా పిండి, తెల్లబారిన చోట ఒక్కసారి మాత్రమే అలా తాకించి వదిలేయండి. ఎన్.సి. లాకర్ ఆరిన తరువాత కూడా తన థిన్నర్‌లో మళ్లీ కరుగుతుంది కాబట్టి, పూత పైపైన మెత్తబడి, చిక్కుకున్న తేమ బయటికి పోయి, తెలుపు తగ్గుతుంది. రుద్దవద్దు, రుద్దితే ఆకుల మూలల్లో పూత ముద్దలు కడుతుంది.

లేత మచ్చలకు కారణం వేరు. అవి అతికించేటప్పుడు బయటికి పొంగిన తెల్ల జిగురు ఆనవాళ్లు. తడిగుడ్డతో తుడిచేశామని మనం అనుకుంటాం గానీ, పలచబడిన జిగురు కొయ్య రంధ్రాల్లోకి ఇంకి, పైన ఏ పూతనూ లోపలికి పోనివ్వదు. పూత వేయక ముందే వాటిని పట్టుకోవచ్చు: మొత్తం భాగాన్ని థిన్నర్‌తో ఒకసారి తడిపితే కొయ్య ముదురు రంగుకు తిరుగుతుంది, జిగురు ఉన్న చోటు మాత్రం పాలిపోయినట్లు నిలుస్తుంది. అక్కడ పెన్సిల్‌తో చిన్న గుర్తు పెట్టుకుని, ఆరిన తరువాత సన్నని ఉలి మొనతో గీరి, 320 నంబరు ఉప్పుకాగితంతో పోగు దిశలోనే నునుపు చేయాలి. ఇప్పటికే పూత పడిన చక్రంలో ఆ చోట్ల పూతను కూడా గీరక తప్పదు.

మిగిలిన భాగాల విషయంలో నా సలహా ఒక్కటే: విడిభాగాలకు ముందు పూత వేసి, తరువాత అతికించండి. చక్రం పూర్తయ్యాక పన్నెండు ఆకుల నడుమ కుంచె తిప్పడం ఎంత కష్టమో మీకు ఇప్పటికే తెలిసింది. విడిగా ఉన్నప్పుడు ఒక్కొక్క ఆకును సూదికి గుచ్చి, తిప్పుతూ పూయవచ్చు. కాకపోతే కుసులకు (రంధ్రంలో దిగే కొనలకు), అవి దూరే రంధ్రాలకు పూత తగలకూడదు. పూత పడిన కొయ్యకు జిగురు పట్టదు. కుసులకు కాగితపు టేపు చుట్టి, పూత ఆరాక తీసేస్తే సరిపోతుంది.

మెరుపు సంగతికి వస్తే, లాకర్‌ను నిందించి ప్రయోజనం లేదు, కొలతను చూడాలి. నాలుగైదు పూతలు కలిసి పావు మిల్లీమీటరు మందమైతే, మీ లెక్కలో అది అసలు బండి మీద మూడు మిల్లీమీటర్ల పూతతో సమానం. ఏ బండికి అంత పూత ఉంటుంది? అసలు ఎడ్లబండికి ఎండా వానా తగిలి నెరిసిన కొయ్య, ఇరుసు దగ్గర నల్లని కందెన తప్ప మెరుపు ఎక్కడిది? అందుకే నేను ఇలాంటి నమూనాలకు పలచని లక్క పూత వేసి, పైన కాస్త తేనెమైనం రుద్దుతాను.

దాని తయారీ ఇలా ఉంటుంది. 100 మిల్లీలీటర్ల పాలిష్ స్పిరిట్‌లో 12 గ్రాముల లక్క రేకులు వేసి, గాజు సీసాలో మూత బిగించి, రాత్రంతా నాననిచ్చి, మధ్య మధ్య కుదిపి, ఉదయం పలచని గుడ్డలో వడకట్టాలి. వడ్రంగులు కుర్చీలకు, బల్లలకు వాడే చిక్కదనం దీనికి రెండింతలు ఉంటుంది. మనకు అది అక్కరలేదు. మొదటి పూతకు ముందు భాగాలన్నింటినీ తడిగుడ్డతో ఒకసారి తుడిచి ఆరనివ్వండి. తడికి కొయ్య పోగులు లేస్తాయి. వాటిని 320 నంబరు కాగితంతో ఒక్క తుడుపు తుడిస్తే, తరువాత పూతలో గరుకు రాదు. అర అంగుళం వెడల్పున్న చిత్రకారుల కుంచెతో, ఒక్కసారి లాగిన చోట మళ్లీ లాగకుండా, మూడు పూతలు వేయండి. పూతకూ పూతకూ నడుమ కనీసం రెండు గంటలు, ముసురు రోజైతే పూటంతా ఆగండి. ఆకు కుండలో దిగే మూలలో చుక్క నిలిచినట్లు కనిపిస్తే, పొడి కుంచె మొనను అక్కడ తాకించండి చాలు, అది పీల్చుకుంటుంది.

ఒక జాగ్రత్త: పాలిష్ స్పిరిట్‌లో మిథనాల్ కలిపి ఉంటుంది. కిటికీలు తెరిచి, దరిదాపుల్లో దీపం, పొయ్యి లేకుండా చూసుకుని, చేతులకు తొడుగులు వేసుకుని పని చేయండి.

ఉలి (జవాబు):

చిత్రిక గారి పద్ధతి మంచిదే గానీ, లక్క పూత మీద నీళ్ల గ్లాసు పెడితే మచ్చ పడుతుంది, సారాయి పడితే కరిగిపోతుంది. మనవడి చేతికి వెళ్లే వస్తువు కాబట్టి, నీటితో పలచబరిచే మ్యాట్ పాలీయురిథేన్ మేలని నా అభిప్రాయం. డబ్బాలో పాలలా కనిపించినా ఆరితే స్వచ్ఛంగా ఉంటుంది, అంకుడు కర్ర తెల్లదనం పసుపెక్కదు, ఘాటైన వాసనా ఉండదు. మ్యాట్ రకంలో మెరుపును తగ్గించే పొడి అడుగున పేరుకుంటుంది గనుక, డబ్బాను కుదపకుండా పుల్లతో నిదానంగా కలపాలి. కుదిపితే బుడగలు వచ్చి పూతలో నిలిచిపోతాయి.

బాడిస (జవాబు):

నేను ఎప్పుడూ అవిసె నూనె రాస్తాను. రెండు పూతలు, తుడిచేయడం, అంతే. టేకుకు వచ్చే రంగు మరి దేనితోనూ రాదు.

చిత్రిక:

ఉలి గారూ, మీరు చెప్పిన పూత గట్టిదే, కాదనను. అయితే ఈ బండికి రేకు పట్టా ఉంది. డబ్బా రేకుకు పైన తగరం పూత ఉన్నా, కత్తిరించిన అంచుల్లో ఇనుము బయటపడే ఉంటుంది. నీటి పూత తగిలితే ఆ అంచులు తుప్పు పడతాయి. దానికి తోడు తుమ్మలో తొగరు (టానిన్ అనే వగరు పదార్థం) ఎక్కువ. తొగరుకు, తడికి, ఇనుముకు పడదు. ఆ మూడూ కలిస్తే కొయ్యలో సిరా ఒలికినట్లు నల్లమచ్చ దిగుతుంది. నీటి పూతే వేయదలచుకుంటే, ముందు ఒక లక్క పూత అడ్డుగా వేసి, పట్టాను చివర చుట్టాలి. అడుగున వేసే లక్క మైనం తీసినదై ఉండాలి, లేకపోతే పైపూత అంటుకోదు. పూతల నడుమ ఉక్కు పీచుతో రుద్దే అలవాటు ఉన్నవారు కూడా నీటి పూతల దగ్గర దాన్ని మానుకోవాలి. కంటికి కనిపించని తునకలు మిగిలిపోయి వారం తరువాత చుక్కలు చుక్కలుగా తుప్పు దేలుతాయి.

బాడిస గారూ, అవిసె నూనె రంగు గురించి మీరన్నది నిజం. కానీ పచ్చి అవిసె నూనె కాకినాడ తేమలో ఆరడానికి వారాలు పడుతుంది, అంకుడు కుండలు పసుపెక్కుతాయి. ఇంకొకటి, నూనె తుడిచిన గుడ్డలను ఉండచుట్టి మూలన పడేయకూడదు. ఆరేటప్పుడు పుట్టే వేడి ఆ ఉండలో పెరిగి, నిప్పు తగలకుండానే అంటుకుంటుంది. వాటిని విప్పి దండెం మీద ఆరవేయాలి, లేదా నీళ్లలో ముంచి ఉంచాలి.

కొయ్యబండి:

అందరికీ కృతజ్ఞతలు. ఆదివారం మంచి ఎండ కాసింది. రిటార్డర్ కలిపిన థిన్నర్ తాకించగానే, చూస్తుండగా పాలపొర విరిగి తుమ్మ ఎరుపు బయటపడింది. ఒక్క పూటీ మీద మాత్రం లీలగా మిగిలింది. రెండో చక్రం ఆకులకు విడిగా లక్క పూత వేస్తున్నాను. రెండు చిన్న సందేహాలు మిగిలాయి. ఇరుసు తిరిగే చోట కూడా లక్క వేయాలా? ఏటికొప్పాక బొమ్మలకు వేసే లక్క మెరుపు ఎందుకు అంత నిండుగా, ఎబ్బెట్టు లేకుండా ఉంటుంది? నా కుండలకు అది సాధ్యమా?

చిత్రిక:

ఇరుసుకు, కుండ రంధ్రానికి వేయవద్దు. తిరిగినప్పుడు రాపిడి వేడికి లక్క మెత్తబడి అంటుకుంటుంది. పెన్సిల్ ములికిని పొడి చేసి, చిటికెడు మైనంతో కలిపి రుద్దండి. చక్రం సులువుగా తిరుగుతుంది, చూడడానికి కందెన పెట్టినట్లే నల్లగా ఉంటుంది. ఆ నలుపు కాస్త కుండ అంచుకు పులుముకున్నా తుడవకండి, అసలు బండికీ అలాగే ఉంటుంది.

ఏటికొప్పాక పని వేరు. అక్కడ స్పిరిట్ ఉండదు. లేత్ మీద తిరుగుతున్న అంకుడు కర్రకు రంగు కలిపిన లక్క కడ్డీని అదిమితే, రాపిడి వేడికే లక్క కరిగి కొయ్యకు పట్టుకుంటుంది. ఆ పైన మొగలి ఆకుతో అదిమి మెరుగు పెడతారు. గుండ్రంగా తిరిగే వస్తువుకే అది కుదురుతుంది, నొగలకూ కాడికీ కుదరదు. మీ కుండలు అంకుడువే కాబట్టి, అవి తిప్పి ఇచ్చిన వారి చేతనే, ఆకుల రంధ్రాలు తొలవక ముందు, రంగు లేని లక్క పట్టించుకుని ఉండవలసింది. ఇప్పుడు తొలిచేశారు గనుక రంధ్రాల అంచుల దగ్గర లక్క తెగుతుంది. ఈ బండికి ఆ ఆలోచన మానుకోండి.

ఉలి:

పంపడం గురించి ఎవరూ చెప్పలేదు. చివరి పూత వేశాక కనీసం నాలుగు వారాలు బయట ఉంచి, ఆ తరువాతే కట్టండి. పూత ఆరినట్లు అనిపించినా లోపల మెత్తగానే ఉంటుంది. గాలిబుడగల ప్లాస్టిక్‌ను నేరుగా చుడితే బుడగల అచ్చులు పూత మీద పడిపోతాయి. నాకు ఒక పడవ నమూనా విషయంలో అలాగే జరిగింది, ఒడ్డున నిలబెట్టిన పడవకు పొలుసులు వచ్చినట్లు కనిపించింది. ముందు ఉతికిన నూలుగుడ్డ, ఆ పైన బుడగల ప్లాస్టిక్ చుట్టండి. షికాగోలో శీతాకాలం ఇళ్లలో హీటర్ల వల్ల గాలి బాగా పొడిగా ఉంటుంది. ఏ పూతైనా కొయ్యలోని తేమ పోకను నెమ్మదింపజేస్తుందే గానీ ఆపలేదు. పూటీలు కాస్త కుంచించుకుపోయి పట్టా వదులైతే కంగారు పడవద్దని, హీటరు పక్కన పెట్టవద్దని మీవాళ్లకు ముందే రాయండి.

కొయ్యబండి:

తప్పకుండా రాస్తాను. కలిపిన లక్క ద్రావణం సగం సీసా మిగిలింది. మరో నమూనాకు దాచుకోవచ్చునా?

చిత్రిక:

ఆరు నెలల లోపు వాడుకోవచ్చు. సీసా మీద కలిపిన తేదీ రాసి, చీకటి చోట పెట్టండి. మళ్లీ వాడే ముందు గాజు పలక మీద ఒక చుక్క వేసి, మరునాడు గోటితో గీరి చూడండి. పొడిగా రాలితే సరే, గోటికి అంటుకుంటే ఆ సీసా పారబోసి కొత్తది కలుపుకోండి.