మేక్‌కి -జె ఇస్తే బిల్డ్ ఒక్కోసారి ఫెయిలవుతోంది, మళ్ళీ రన్ చేస్తే ఓకే. ఎందుకు?

ప్రశ్న:
సీ ప్రాజెక్ట్, గ్నూ మేక్ 4.4 (బిల్డ్ నడిపే టూల్). ఉత్త మేక్ కొడితే ఎప్పుడూ ఇబ్బంది రాలేదు, -జె16 (ఒకేసారి 16 పనులు నడపమని) ఇస్తే మాత్రం అప్పుడప్పుడు లెక్సర్.సీ కంపైల్ చేసేటప్పుడు పార్సర్.హెచ్ దొరకలేదని ఆగిపోతుంది. వెంటనే ఇంకోసారి కొడితే ఏమీ జరగనట్టు పూర్తవుతుంది, చూస్తే ఆ ఫైల్ అక్కడే ఉంది! పార్సర్‌ని బైసన్, లెక్సర్‌ని ఫ్లెక్స్ తయారుచేస్తాయి (రెండూ సీ కోడ్ రాసిపెట్టే టూల్స్, పార్సర్.హెచ్ కూడా బైసన్ ఇచ్చేదే). సీఐలో (ఆటోమేటిక్‌గా బిల్డ్ చేసే సర్వర్) రీట్రై పెట్టి నెట్టుకొస్తున్నాం కానీ రిలీజ్ దగ్గరపడుతోంది, టెన్షన్‌గా ఉంది. కంపైలర్‌కి -ఎంఎండీ (ఏ ఫైల్‌కి ఏ హెడర్లు కావాలో రాసిపెట్టే ఆప్షన్) కూడా ఇచ్చాం, మరి డిపెండెన్సీలు మేక్‌కి తెలియాలి కదా?

జవాబు 1:
ముందు ఆ రీట్రై తీసేయండి, తప్పు కనపడకుండా చేస్తోంది. -ఎంఎండీ రాసే డిపెండెన్సీ ఫైళ్ళు కంపైల్ అయ్యేటప్పుడే పుడతాయి, క్లీన్ చేశాక మొదటి బిల్డ్‌లో అవి ఉండవు, కాబట్టి లెక్సర్.ఓకి (లెక్సర్.సీ కంపైలైతే వచ్చే ఫైల్) పార్సర్.హెచ్ కావాలని మేక్‌కి తెలిసే దారే లేదు. మీ లిస్టులో పార్సర్.ఓ ముందుండి ఉంటుంది, అందుకే ఒక్కొక్కటిగా చేసినప్పుడు బయటపడలేదు. బైసన్ కమాండ్ ముందు స్లీప్ 5 (5 సెకన్లు ఆగమని) పెట్టి -జె16తో క్లీన్ బిల్డ్ చేయండి, ప్రతిసారీ ఫెయిలైతే ఇదే కారణం. లెక్సర్.ఓ: పార్సర్.హెచ్ అని ఒక్క లైను రాయండి, స్లీప్ ఉన్నా పాసవ్వాలి.

ప్రశ్న అడిగినవారు:
స్లీప్ పెట్టగానే ప్రతిసారీ ఫెయిలైందండీ! ఆ లైను రాశాక ఆ ఎర్రర్ పోయింది, కానీ లాగ్‌లో ఇప్పుడు బైసన్ రెండుసార్లు నడుస్తోంది, ఒకసారి పార్సర్.సీ మధ్యలో తెగిపోయినట్టు సింటాక్స్ ఎర్రర్ వచ్చింది.

జవాబు 2:
పార్సర్.సీ పార్సర్.హెచ్: పార్సర్.వై (బైసన్ చదివే గ్రామర్ ఫైల్) అని రాశారు కదూ? చూడ్డానికి ఒకే రూలు, కానీ మేక్ దాన్ని రెండు వేరు వేరు రూల్స్‌గా చదువుతుంది, ఒక్కో ఫైలుకీ ఒకసారి చొప్పున బైసన్‌ని లేపుతుంది, రెండూ ఒకే ఫైల్ మీద రాస్తాయి. కోలన్ బదులు &: పెట్టండి, 4.3 నుంచి ఉంది. మీది 4.4 కాబట్టి --షఫుల్ కూడా వాడండి, అది ప్రీరిక్విజిట్ల (ముందుగా తయారవ్వాల్సిన ఫైళ్ళ) వరసని ఇష్టమొచ్చినట్టు మార్చేస్తుంది, ఫెయిలైతే ఎర్రర్ లైన్లోనే సీడ్ నంబర్ (ఆ వరసకి గుర్తు) ఇస్తుంది. అదే నంబర్ మళ్ళీ ఇస్తే అదే వరస వస్తుంది, -జె లేకుండానే పట్టుకోవచ్చు.

ప్రశ్న అడిగినవారు:
&: తో బైసన్ ఒక్కసారే నడుస్తోంది, చాలా థాంక్సండీ. షఫుల్‌తో ఇంకోటి దొరికింది, అవుట్‌పుట్ ఫోల్డర్ తయారవకముందే కంపైల్ మొదలవుతోంది. ఆ ఫోల్డర్‌ని | తర్వాత ఆర్డర్-ఓన్లీగా (ముందు ఉంటే చాలు, అది మారినా మళ్ళీ కంపైల్ అక్కర్లేదని) పెట్టి, రాత్రికి వేరే వేరే సీడ్లతో లూప్‌లో వదులుతున్నా.